కొత్తగా చేసేవాళ్లను సిఫార్సుల్లో కాదు, మనుషుల వెంట వెతకండి

యూట్యూబ్‌లో ఎంత చూసినా ఒకే మూస వీడియోలు వస్తున్నాయి, సొంత ఆలోచనతో చేసేవాళ్లు ఎలా దొరుకుతారు అని అడిగారు. నేనూ చాలాకాలం ఇదే బాధ పడ్డాను, అందుకే నాకు పనికొచ్చింది చెప్తాను.

ఏ వీడియోలు సిఫార్సు చేయాలో తేల్చడానికి యూట్యూబ్ 2012 నుంచి క్లిక్కుల కంటే మనం ఎంతసేపు చూశామన్నది ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటోంది. మనం ఒక గిటార్ వీడియో చివరిదాకా చూస్తే అలాంటివే మరో పది వచ్చి కూర్చుంటాయి. అది మన పాత ఇష్టాన్నే తిప్పి వడ్డించడం.

నాకు దారి దొరికింది ఇంగ్లండ్ సంగీతకారుడు జేకబ్ కాలియర్ దగ్గర. తన గదిలోనే కూర్చుని, తెరను గడులుగా చేసి, అన్ని గొంతులూ తనే పాడి, వాయిద్యాలన్నీ తనే వాయించేవాడు. ఆ వీడియోల వల్లే పేరున్న అమెరికన్ సంగీత నిర్మాత క్విన్సీ జోన్స్ కంట్లో పడ్డాడు, 2017లో గ్రామీ అవార్డులు కూడా వచ్చాయి. అతన్ని చూశాక నేను పక్కన వచ్చిన సిఫార్సులు నొక్కకుండా, అతను ఎవరితో కలిసి వాయించాడా అని వెతికితే స్నార్కీ పప్పీ అనే బృందం దొరికింది. వాళ్లు కొన్ని ఆల్బమ్‌లకు స్టూడియోలోనే ప్రేక్షకులను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు ఇచ్చి, వాళ్ల ఎదుటే వాయిస్తూ రికార్డు చేశారు. డ్రమ్మర్ కీబోర్డు వాయించే అతని వైపు చూసి నవ్వడం దాకా కనిపిస్తుంది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడి నుంచి ఆ బృందంలో ఒక్కొక్కరి పేరూ విడిగా వెతికాను, ఒక్కో పేరు వెనక ఇంకో నలుగురు ఉన్నారు.

ఆలోచనలూ ఇలాగే దొరుకుతాయి. బృందగానాలు రాసే అమెరికన్ స్వరకర్త ఎరిక్ విటాకర్ 2010లో 12 దేశాల నుంచి 185 మంది ఎవరిళ్లలో వాళ్లు పాడి పంపిన వీడియోలను కలిపి ఒక బృందగానం చేశాడు. దానికి మూలం, అతని పాటలో తన భాగం పాడి ఒక అమ్మాయి పంపిన మామూలు వీడియో. పెద్దది నచ్చితే దానికి ముందున్న ఆ చిన్నదాన్ని కూడా వెతకండి, నాకు ఎక్కువ ఆనందం అక్కడే దొరికింది.

ఒక పొరపాటు మాత్రం చేయకండి. లక్షల వ్యూస్ ఉన్న ఒక డాన్స్ వీడియోను "ఎంత కొత్తగా ఉందో" అని అందరికీ పంపాను. తర్వాత తెలిసింది, అదే డాన్స్ రెండేళ్ల ముందే ఇంకొకరు పెట్టారు, దాన్ని చూసినవాళ్లు కొన్ని వందల మందే. చాలా బాధేసింది. అప్పటి నుంచి ఎవరికైనా పంపేముందు అప్‌లోడ్ తేదీ, కింద వివరణలో ఇచ్చిన పేర్లు చూస్తున్నాను. మూలం వేరే వాళ్లదైతే వాళ్ల లింకే పంపుతాను.

ఇంకొకటి, ఛానెల్‌లో వీడియోలను పాతవి ముందు వచ్చేలా పెట్టుకుని చూడండి. వెతికేటప్పుడు వాచ్ హిస్టరీ (మనం చూసినవి యూట్యూబ్ గుర్తుపెట్టుకునే జాబితా) ఆపేయండి, లేకపోతే ఒక్క పూట కుతూహలానికి వారం రోజులు అవే వీడియోలు వస్తాయి.