సుత్తి దెబ్బలకు లొంగని డిస్కు

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల హ్యాచ్‌బ్యాక్. ఇల్లు బీచికి రెండు వీధుల అవతల. ముందు చక్రాల బ్రేకు డిస్కులు అరిగి అంచు తేలాయని కొత్తవి తెచ్చుకున్నాను. చక్రం, డిస్కును ప్యాడ్లతో నొక్కిపట్టే కాలిపరు విప్పాను గానీ పాత డిస్కు కదలడం లేదు. గంటసేపు సుత్తితో కొట్టాను. పైనున్న రెండు చిన్న స్క్రూలలో ఒకటి వచ్చింది, రెండోదాని తల అరిగిపోయింది. ఇంట్లోనే తీయడానికి దారి ఉందా? – ఒక పాఠకుడు, తిరువాన్మియూరు, చెన్నై

జవాబు: ఉంది. ముందు సుత్తి పక్కన పెట్టండి. మీరు కొట్టే ప్రతి దెబ్బా హబ్బు (డిస్కు, చక్రం బిగించే నడిమి భాగం) లోపలున్న బేరింగుకు తగులుతోంది. అందులోని గుండ్లు తాము ఆనుకున్న దారి మీద సన్నని గుంటలు పెడతాయి. ఆ రోజు ఏమీ తెలియదు. కొన్ని వారాలకు 50 కిలోమీటర్ల వేగం దాటగానే హమ్మని మోత మొదలవుతుంది. డిస్కు కోసం మొదలుపెట్టిన పని బేరింగు ఖర్చుతో ముగుస్తుంది.

డిస్కును నిజంగా హబ్బుకు బిగించి ఉంచేది చక్రం, దాని నట్లు. ఆ రెండు స్క్రూలూ చక్రం లేనప్పుడు డిస్కు జారిపోకుండా ఉండటానికే. కాబట్టి నట్లు విప్పాక డిస్కు చేతికి రావాలి. రాలేదంటే పట్టు మధ్యలో ఉందన్నమాట: డిస్కు నడిమి రంధ్రంలోంచి హబ్బు గుండ్రటి మెడ బయటికి వచ్చేచోట. అక్కడ సందు వెంట్రుకంతే. ఇనుము తుప్పుగా మారితే ముందుకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ సందు నిండి, మెడ చుట్టూ ఉంగరంలా బిగుస్తుంది. మీ దగ్గర ఉప్పుగాలి ఏడాది పొడవునా ఈ పని చేస్తూనే ఉంటుంది. పట్టు మధ్యలో ఉంటే మీరు అంచు మీద, అదీ బయటి వైపు నుంచి కొడుతున్నారు. ఆ దెబ్బ డిస్కును ఇంకా లోపలికే తోస్తుంది.

ఒకటి సరిచూసుకోండి. కాలిపరు విప్పాక దాన్ని మోసే బ్రాకెట్టు కూడా విప్పారా? వెనకవైపు నుంచి రెండు పెద్ద బోల్టులుంటాయి. చాలా కార్లలో 17 నంబరు పానా పడుతుంది. బ్రాకెట్టు ఉండగా ఏ డిస్కూ రాదు. విప్పిన కాలిపరును రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వకండి. గట్టి తీగతో స్ప్రింగుకు కట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు పెట్టండి. ఇటుకలు ఉన్నట్టుండి పగులుతాయి, వాటి మీద కారు నిలపొద్దు. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండు బ్రేకు వేసి, ఫస్టు గేరులో ఉంచండి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

ఇప్పుడు ఆ అరిగిన స్క్రూ. తల మధ్యలో పంచ్ (మొన ఉన్న ఉక్కు కడ్డీ) పెట్టి నాలుగైదు గట్టి దెబ్బలు వేయండి, ఇక్కడ మాత్రం సుత్తి పనికొస్తుంది. మరల్లోని తుప్పు చిట్లుతుంది. తరవాత సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్టు డ్రైవరుకు 3వ నంబరు స్టారు బిట్టు వేసి ప్రయత్నించండి. మామూలు స్క్రూడ్రైవరుకు 2వ నంబరు వేసి తిప్పడం వల్లే చాలామందికి తల అరుగుతుంది. అప్పటికీ రాకపోతే 3 ఎంఎం డ్రిల్లుతో నడిమన దారి చేసి, 7 ఎంఎం బిట్టుతో తల మాత్రం కోసేయండి. తల ఊడగానే ఆపండి. డిస్కు వచ్చాక మిగిలిన ముక్క కొన్ని మిల్లీమీటర్లు పైకి తేలి ఉంటుంది. గ్రిప్ ప్లయరుతో పట్టి తిప్పితే, తల ఒత్తిడి లేదు కాబట్టి సులువుగానే వస్తుంది.

తుప్పు వదిలించే నూనెను మెడ చుట్టూ, ప్రతి స్టడ్డు (చక్రం నట్టు ఎక్కే మర కడ్డీ) మొదట్లో కొట్టండి. ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ కొట్టండి. తొందర ఉన్నవారికి ఈ చోటే పని చెడుతుంది. రాత్రి కొట్టి ఉంచి పొద్దున మొదలుపెడితే ఇంకా మంచిది. ప్యాడ్లను అంతదూరంలో పెట్టండి, నూనె తగిలిన ప్యాడు పారేయాల్సిందే.

డిస్కు మధ్యలో ఎత్తుగా ఉండే టోపీ భాగం మీద, స్టడ్ల మధ్య, మరలున్న రెండు రంధ్రాలు కనిపిస్తాయేమో చూడండి. చాలామంది అవి బరువు తగ్గించడానికో, గాలికో అనుకుంటారు. అవి డిస్కును ఊడదీయడానికే పెట్టినవి. జపాన్ డిజైను కార్లలో ఎక్కువగా 8 ఎంఎం, 1.25 పిచ్ (మర చుట్ల మధ్య దూరం, ఎంఎంలో) మర ఉంటుంది. జనరల్ పాటర్స్ రోడ్డులోనో, పారీస్ కార్నర్ దగ్గరి హార్డ్‌వేరు కొట్లలోనో తల మీద 8.8 అని గట్టిదనం గుర్తు అచ్చున్న, 40 ఎంఎం పొడవు, పూర్తిగా మర ఉన్న బోల్టులు నాలుగు తెచ్చుకోండి. రెండు వాడటానికి, రెండు విరిగితే. రంధ్రాల్లోని తుప్పును గుచ్చి దులిపి, బోల్టుకు గ్రీజు రాసి చేత్తోనే మొదలుపెట్టండి.

రెండూ హబ్బుకు ఆనాక చిన్న పానాతో ఒకదానికి పావు చుట్టు, ఇంకోదానికి పావు చుట్టు. ఒకదాన్నే తిప్పితే డిస్కు వాలి మెడ మీద ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది. బిగువు బాగా వచ్చాక ఆపి, టోపీ మీద స్టడ్ల మధ్య కిలో సుత్తితో చిన్నగా తట్టండి, మళ్లీ పావు చుట్టు. పానాకు పైపు తగిలించి బలం పెంచకండి, 8 ఎంఎం బోల్టు అంత ఓర్చదు. పట్టు వదిలేటప్పుడు టప్‌మని ఒక్క చప్పుడు వస్తుంది, మెడ చుట్టూ ఎర్రపొడి రాలుతుంది. ఇదంతా మొదలుపెట్టే ముందే రెండు చక్రం నట్లు నాలుగు చుట్లు ఎక్కించి వదిలేయండి, డిస్కు ఊడి కాలి మీద పడదు.

రంధ్రాలు లేని డిస్కయితే, బ్రాకెట్టు బోల్టులు తీసిన కన్నం వాడండి. చాలా కార్లలో అది మర లేని కన్నం. అందులో దూరేటంత బోల్టు తీసుకుని దాని తల డిస్కు వెనక ముఖానికి ఆనేలా పెట్టండి. తలకూ కన్నానికీ మధ్య ముందే ఎక్కించిన నట్టును కన్నం వైపు తిప్పితే బోల్టు డిస్కును బయటికి నెడుతుంది. ఒత్తిడి వచ్చాక సడలించి, గేరు న్యూట్రలులోకి తెచ్చి డిస్కును పావు వంతు తిప్పి మళ్లీ నెట్టండి. ఎలాగూ పారేసే డిస్కే కాబట్టి ముఖం మీద గీతలు పడినా పర్వాలేదు.

ప్రశ్న: పట్టేసిన డిస్కును గ్యాస్ టార్చితో కాలిస్తే త్వరగా వస్తుందంటారు. చేయొచ్చా? – ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: ఇంట్లో వద్దు. బేరింగు గ్రీజు, రబ్బరు సీళ్లు, చక్రం వేగం చూసే ఏబీఎస్ సెన్సారు అన్నీ అంగుళాల దూరంలో ఉంటాయి. మీరు అంతకుముందు కొట్టిన నూనె అంటుకుంటుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరు తడి మీద మంట పెడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం.

ప్రశ్న: వానాకాలంలో నెల రోజులు ఒంగోలు వెళ్లొచ్చాం. వేళచ్చేరిలో ఆరుబయట హ్యాండు బ్రేకు వేసి ఉంచిన కారు వెనక చక్రాలు ఇప్పుడు తిరగడం లేదు. – ఒక పాఠకురాలు

జవాబు: తడిసిన బ్రేకు షూలు తుప్పుతో డ్రమ్ములకు (చక్రంతో పాటు తిరిగే గిన్నెల్లాంటి భాగాలు) అతుక్కున్నాయి. యాక్సిలరేటరు తొక్కి లాగించకండి, షూ మీది లైనింగు ఊడి లోపలే ఇరుక్కోవచ్చు. హ్యాండు బ్రేకు వదిలి, ఫస్టు, రివర్సు గేర్లలో మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపండి. చాలాసార్లు టక్‌మని వదిలేస్తుంది. వదలకపోతే చక్రం విప్పి డ్రమ్ము అంచు చుట్టూ చెక్క మీదుగా తట్టండి.

డ్రమ్మును ఊడదీయాల్సి వస్తే చాలా డ్రమ్ముల మీద కూడా 8 ఎంఎం మర రంధ్రాలు రెండుంటాయి, పైన చెప్పిన పద్ధతే. ఒక తేడా ఉంది. పాత డ్రమ్ము లోపలి అంచున అరగని గట్టు మిగులుతుంది, షూలు దానికి తట్టుకుంటాయి. అప్పుడు బోల్టులు బిగించడం ఆపి, వెనక పలకలోని కన్నంలోంచి సన్నని స్క్రూడ్రైవరుతో షూల ఎడాన్ని సరిచేసే అడ్జస్టరును సడలించండి. కొన్ని చిన్న కార్లలో డ్రమ్ము, హబ్బు ఒకే ముక్క. నడుమన గ్రీజు మూత, దాని కింద పెద్ద నట్టు ఉంటే ఈ బోల్టుల పద్ధతి కుదరదు, నట్టు విప్పాలి. లోపలి పొడిని ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను నీళ్లలో నిలిచిన కారయితే ముందు చక్రాల కాలిపర్లు కూడా విప్పి చూపించండి. అవి జారే పిన్నులు లోపల తుప్పు పట్టి ఉంటే ఒక ప్యాడే అరుగుతుంది. ఇకపై ఊరెళ్లేటప్పుడు చదునైన చోట కారును ఫస్టు గేరులో పెట్టి, చక్రాలకు రెండువైపులా చెక్కలు అడ్డం పెట్టండి, హ్యాండు బ్రేకు వేయకండి.

ప్రశ్న: కొత్త డిస్కులు వేయించి మూడు నెలలైంది. మొదట బాగానే ఉంది. ఇప్పుడు 80 వేగంలో బ్రేకు తొక్కితే పెడలు, స్టీరింగు వణుకుతున్నాయి. డిస్కు వంకర వచ్చిందంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, షోళింగనల్లూరు

జవాబు: డిస్కు కంటే దాని వెనకున్న హబ్బు మీదే అనుమానం ఎక్కువ. పాత డిస్కు ఊడాక హబ్బు ముఖం మీద తుప్పు పెచ్చులు మిగులుతాయి. వాటిని గోకకుండా కొత్తది వేస్తే ఒకవైపు లేచి కూర్చుంటుంది. చాలా కార్లలో డిస్కు ఊగడానికి అనుమతి 0.05 నుంచి 0.1 ఎంఎం లోపే, అంటే ఒక వెంట్రుక మందం. హబ్బు అంచున ఒక పెచ్చు చేసే తేడా డిస్కు వెడల్పు వల్ల బయటి అంచుకు వచ్చేసరికి దాదాపు రెట్టింపవుతుంది.

మొదట బాగుండటానికి కారణం ఇదే: ఎత్తుగా ఉన్న చోటు బ్రేకు వేయనప్పుడు కూడా ప్రతి చుట్టుకూ ప్యాడును రాసుకుంటూ సన్నగా అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు డిస్కు ఒకచోట పలచన, ఒకచోట మందం. ఆ మందంలో తేడాయే పెడలు కింద తెలిసే వణుకు.

డిస్కు విప్పించి మైక్రోమీటరుతో చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిపించండి. 0.02 ఎంఎం కన్నా ఎక్కువ తేడా ఉంటే లేతులో సన్నగా చెక్కించాలి. చెక్కాక మిగిలే మందం డిస్కు మీద అచ్చువేసిన కనీస మందం కన్నా పైనే ఉండాలి, లేకపోతే రెండువైపులా జతగా కొత్తవి.

హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో, తరవాత 80 నంబరు ఎమరీతో లోహం మెరిసేదాకా రుద్దించండి. స్టడ్ల మొదళ్లు, మెడ మూల చాలామంది వదిలేసే చోట్లు, వేలిగోరుతో గీరి చూడండి. గోరుకు తగిలితే ఇంకా ఉన్నట్టే. మెడకు మాత్రం కాపర్ గ్రీజు పలచగా పూయాలి, అద్దినట్టు చాలు. డిస్కు ఆనే ముఖానికి, స్టడ్ల మరలకు వద్దు. కొత్త డిస్కు మీది నూనెపూతను బ్రేక్ క్లీనరుతో కడిగి, వాషర్లు వేసి నట్లతో బిగించి, ఊగును కొలిచే డయల్ గేజి పెట్టి చేత్తో ఒక చుట్టు తిప్పండి. ముల్లు ఎక్కువ ఊగితే డిస్కును ఒక స్టడ్డు జరిపి బిగించి మళ్లీ చూడండి.

చక్రం ఎక్కించాక నట్లను ఎదురెదురుగా, కారు పుస్తకంలో రాసిన టార్కుకే బిగించండి, చిన్న కార్లలో ఇది సుమారు 100 న్యూటన్ మీటర్లు. న్యూమాటిక్ గన్నుతో ఒకే ఊపున బిగించినా డిస్కు వంగి ఊగుతుంది. కారు కదిపే ముందు పెడలు గట్టిపడేదాకా పంపు చేయండి. తరవాత పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి పదిసార్లు, మధ్యలో అర నిమిషం వదులుతూ, మెత్తగా తగ్గించండి. పూర్తిగా ఆపి పెడలు నొక్కి ఉంచకండి, వేడిగా ఉన్న ప్యాడు అచ్చు అక్కడే పడుతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగువు మరోసారి చూడండి.