శకటం పూలు వాడిపోతుంటే అరటి బోదె వాడండి

తమ్ముడూ, జనవరి 26 పరేడ్‌కి ట్రాక్టర్ ట్రక్కు మీద మీ కాలేజీ వాళ్లు కడుతున్న పూల పడవ, ట్రయల్లో సగం దారికే వాడి రాలిపోయిందన్నావు. తప్పు పూలది కాదు, మీరు వాటిని గుచ్చిన థర్మాకోల్‌ది. దానిలో తడి ఉండదు, గుచ్చిన కన్నం కుదుపులకి వదులైపోతుంది.

వెదురు చట్రానికి అరటి బోదె ముక్కలు కట్టండి. గెల కోసేసిన తోటలో అడిగితే ఊరికే ఇస్తారు. బోదె నిండా నీళ్లే కదా! బంతిపువ్వు కాడ పొట్టి కాబట్టి కొబ్బరి ఈనెపుల్లతో, కాస్త ఏటవాలుగా గుచ్చాలి. నిటారుగా గుచ్చితే మొదటి గతుక్కే ఊడొస్తుంది. బోదె బరువు ఎక్కువ, అందుకే పడవ అడుగుకే వాడండి.

తెరచాపకి పూలెందుకు? బియ్యం, పెసలు జిగురుతో ముందే అంటించేయండి. అమెరికాలో పూల శకటాల ఊరేగింపైన పాసడీనా రోజ్ పరేడ్‌కి 1949 నుంచి శకటం కడుతున్న కాల్ పాలీ యూనివర్సిటీల విద్యార్థులు కూడా ఎండు సరుకు ముందు, తాజా పూలు చివర్లో పెడతారు. గులాబీలకైతే ఒక్కో కాడకీ చిన్న నీళ్ల గొట్టం తొడుగుతారు. మనకంత ఓపిక లేదు, బంతీ చామంతీ చాలు.

కడియపులంక పూల మార్కెట్‌కి 25న తెల్లారేసరికే వెళ్లండి. పూలు నీడలో, తడి గోనె కింద ఉంచి, గుచ్చడం రాత్రికి పెట్టుకోండి.