ఇంట్లో చేసుకున్న వీఆర్ హెడ్‌సెట్‌తో తలనొప్పి, వికారం: మాత్రలు వేసుకుని చూడవచ్చా?

ప్రశ్న: నా వయసు 24. తక్కువ ఖర్చుతో పూర్తి కావాలని పాత స్మార్ట్‌ఫోన్, అట్టపెట్టె, 45 మిల్లీమీటర్ల నాభ్యంతరం (లెన్సు నుంచి, అది కాంతిని ఒకచోట చేర్చే బిందువు వరకు ఉన్న దూరం) ఉన్న రెండు గాజు లెన్సులతో సొంతంగా వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే దృశ్యం మన చుట్టూ ఉన్నట్టు చూపే) హెడ్‌సెట్ తయారు చేసుకున్నాను. పావుగంట చూసేసరికి తల బరువెక్కి, వికారంగా ఉంటోంది. అందుకే ప్రయాణంలో వాంతులు రాకుండా వాడే మాత్ర ముందే వేసుకుంటున్నాను. కళ్లు ఎర్రబడితే ఇంట్లో ఉన్న చుక్కల మందు వాడుతున్నాను. ఎడమ కన్ను మూస్తే కుడి కంటికి అక్షరాలు కాస్త మసకగా కనిపిస్తున్నాయి గానీ ఇబ్బందేమీ లేదు. మా ఆరేళ్ల మేనకోడలు కూడా ఇష్టంగా చూస్తోంది. దృశ్యం ఇంకా వెడల్పుగా కనిపించాలంటే ఎలాంటి లెన్సులు వాడాలి?

జవాబు: మీరు అడిగింది లెన్సుల గురించే అయినా, ముందుగా మాట్లాడాల్సింది మీ కుడి కన్ను గురించి. 'ఇబ్బందేమీ లేదు' అని మీరు రాసిన మాటతో నేను ఏకీభవించలేను. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు బాగా కనిపించే కన్ను పని నెట్టుకొస్తుంది కాబట్టి, రెండో కంటిలోని లోపం ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోవడం మేము తరచూ చూసే విషయమే. ఈ మసకకు మీ హెడ్‌సెట్ కారణమై ఉండే అవకాశం తక్కువ. అది అంతకుముందే ఉండి, ఇప్పుడు మీ గమనికకు వచ్చి ఉండవచ్చు. అద్దాలతో సరిపోయే సైటు కావచ్చు, చిన్నప్పుడే మొదలై గుర్తించకుండా మిగిలిపోయిన మందదృష్టి (ఒక కంటి చూపు చిన్నతనంలో సరిగా ఎదగకపోవడం) కావచ్చు, మీ వయసు వారిలో కనిపించే కెరటోకోనస్, అంటే కంటి ముందుభాగంలోని పారదర్శక పొర అయిన కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకురావడం, కావచ్చు. ఈ చివరిదాన్ని తొలిదశలో గుర్తిస్తే ముదరకుండా ఆపే చికిత్స ఉంది. ఆలస్యమైతే పోయిన చూపును తిరిగి రప్పించడం కష్టమవుతుంది. వీటిలో ఏది మీకు వర్తిస్తుందో పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. ఈ వారంలోనే కంటి వైద్యుడిని కలవండి.

ఇక తలనొప్పి, వికారం. వీటికి రెండు వేర్వేరు మూలాలు ఉండవచ్చు. ఒకటి లెన్సుల అమరిక. తెరను లెన్సు నాభ్యంతరానికి దగ్గరగా పెట్టడం వల్ల కంటికి ఆ బొమ్మ చాలా దూరంలో ఉన్నట్టు తోస్తుంది. అలాంటి అమరికలో కత్తెరతో కోసిన రంధ్రం ఒకటి రెండోదానికన్నా 1 మిల్లీమీటరు పైన ఉన్నా, రెండు కళ్లకు అందే బొమ్మల మధ్య సుమారు 1.3 డిగ్రీల ఎత్తు తేడా వస్తుంది. పక్కపక్కన ఉన్న తేడాను కళ్లు కొంతవరకు సర్దుకోగలవు గానీ, పైకీ కిందికీ ఉన్న తేడాను సర్దుకునే శక్తి వాటికి చాలా తక్కువ. ఒక కంటి చూపు ముందే మసకగా ఉన్నవారికి ఈ సర్దుబాటు మరింత కష్టం. అలాగే ఫోను మీది రెండు బొమ్మల నడిమి దూరం లెన్సుల నడిమి దూరం కన్నా ఎక్కువగా ఉంటే, కళ్లు సహజంగా ఎప్పుడూ చేయని పని చేయాల్సి వస్తుంది, అంటే బయటి వైపుకు విడిపోవాల్సి వస్తుంది. కనుబొమల మధ్య నొప్పి, పెట్టె తీసేశాక కూడా కాసేపు రెండేసిగా కనిపించడం దీని లక్షణాలు.

రెండోది శరీర కదలికను పసిగట్టే లోపలి చెవికి సంబంధించినది. మీ ఫోను తల తిప్పడాన్ని గుర్తిస్తుంది గానీ, మీరు ముందుకు వంగినా పక్కకు జరిగినా సాధారణంగా గుర్తించలేదు. కదిలామని చెవి చెబుతుంది, కదల్లేదని కన్ను చెబుతుంది. పైగా తల కదలికకు, దృశ్యం మారడానికి మధ్య వ్యవధి సుమారు 20 మిల్లీసెకన్లు దాటితే చాలామందికి తేడా తెలుస్తుంది. సెకనుకు 60 చిత్రాలు చూపే తెర ఒక్కో చిత్రానికే దాదాపు 17 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి, పాత ఫోను ఆ హద్దును తేలిగ్గా దాటేస్తుంది. దృశ్యంలో మీరు నడుస్తున్నట్టు, ఎగురుతున్నట్టు ఉండేవాటిని మానేసి, ఒకచోట కూర్చుని చుట్టూ చూసేవాటికే పరిమితమైతే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

మాత్రల విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. వికారం అంటే ఇక ఆపమని శరీరం ఇచ్చే సూచన. దాన్ని ముందే మాత్రతో నొక్కేసి, ఆ పైన ఇంకో అరగంట చూడటం వైద్యం కాదు. ప్రయాణ వికారానికి వాడే మాత్రల్లో చాలావాటికి మగత కలిగించే గుణం ఉంది. అది వేసుకుని, ఆట ముగిశాక బండి నడిపితే జరిగే ప్రమాదం మీ ఒక్కరితో ఆగదు. ప్రోమెథజిన్ లాంటివి కొందరిలో మూత్రం సరిగా రాకుండా చేస్తాయి, కంటిలోని ద్రవం బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్నవారిలో కంటి ఒత్తిడిని ఒక్కసారిగా పెంచవచ్చు. సినారిజిన్‌ను దీర్ఘకాలం వాడిన కొందరిలో, ముఖ్యంగా వయసు మళ్లినవారిలో, పార్కిన్సన్ వ్యాధిని పోలిన వణుకు, బిగుసుకుపోవడం కనిపించాయి. ఎప్పుడో ఒక ప్రయాణానికి ఒక మాత్ర వేసుకోవడం వేరు, వినోదం కోసం రోజూ వేసుకోవడం వేరు. మీరు ఏ మాత్ర వాడుతున్నారో కూడా రాయలేదు. దయచేసి ఆపండి.

చుక్కల మందు ఇంతకన్నా ఎక్కువ కలవరపెట్టే విషయం. ఇంట్లో ఉన్నదంటే, అది మరొకరికి మరో జబ్బుకు రాసినది అయి ఉంటుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు చక్కగా తగ్గిపోతుంది, సరిగ్గా అందుకే మనుషులు దాన్ని నమ్ముతారు. కానీ ఆ మందు వారాల తరబడి వాడితే కంటి ఒత్తిడిని నొప్పి తెలియకుండా పెంచి చూపును మెదడుకు చేరవేసే ఆప్టిక్ నరాన్ని దెబ్బతీయగలదు, శుక్లం తెప్పించగలదు, కార్నియా మీద ఫంగస్ ఉంటే దాన్ని రెచ్చగొట్టగలదు. నరం దెబ్బతిని పోయిన చూపును తిరిగి తెచ్చే మందు ఇప్పటికీ లేదు. స్టెరాయిడ్ లేకుండా ఎరుపును మాత్రమే తగ్గించే చుక్కలైనా, తరచూ వేస్తే మందు ప్రభావం తగ్గాక ఎరుపు మరింత ఎక్కువగా తిరిగొస్తుంది. తెరను చూసేటప్పుడు రెప్పలు కొట్టడం తగ్గి కళ్లు పొడిబారడం వల్లే మీకు ఎరుపు వస్తూ ఉండవచ్చు. అదే అయితే మధ్యలో ఆగి దూరంగా చూడటం, రెప్పలు ఆడించడం సరిపోవచ్చు. అయితే ఆ మాటా పరీక్ష తర్వాతే. సీసాను చాలాకాలంగా వాడుతున్నట్లయితే, కంటి ఒత్తిడి కొలవమని వైద్యుడిని మీరే అడగండి.

మీ మేనకోడలికి ఈ పెట్టె ఇవ్వకండి. సుమారు ఏడెనిమిదేళ్ల వరకు రెండు కళ్లూ కలిసి చూడటం నేర్చుకునే ప్రక్రియ సాగుతూనే ఉంటుంది. పెద్దవారిలో కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు, పిల్లల్లో ఇంకా తక్కువ. మీ కొలతకు అతికించిన లెన్సులు ఆ పాపకు సరిపోవు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే, వేగంగా మెరిసే దృశ్యాలను వారు అసలే చూడకూడదు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. వెడల్పు కోసం నాభ్యంతరం తక్కువగా ఉన్న లెన్సులు వాడతారు, కానీ నాభ్యంతరం తగ్గేకొద్దీ అమరికలో అదే 1 మిల్లీమీటరు తప్పు కళ్ల మీద ఇంకా ఎక్కువ భారం వేస్తుంది. అందుకే కంటి పరీక్ష పూర్తయ్యేదాకా కొత్త లెన్సుల జోలికి వెళ్లవద్దని నా సలహా. ఆ తర్వాత కూడా ముందుగా ఉన్నవాటిని సరిచేయండి. తెర రెండు సగాల్లో ఒకే ఎత్తులో ఒక్కో కూడిక గుర్తు గీసి, వాటి నడిమి దూరం లెన్సుల కేంద్రాల నడిమి దూరానికి సమానంగా ఉంచి చూడండి. రెండు గుర్తులూ శ్రమ లేకుండా ఒక్కటిగా కలవాలి. పగిలితే కంటికి ప్రమాదం కాబట్టి గాజుకు బదులు ప్లాస్టిక్ లెన్సులు వాడండి. పెట్టెను ఎండ పడేచోట వదలకండి, దానితో సూర్యుడి వైపు చూడకండి. ఫోను వెనుక భాగం ఉబ్బినట్టుంటే ఆ బ్యాటరీని ముఖానికి దగ్గరగా అసలు పెట్టవద్దు.

కళ్లలో మెరుపులు, హఠాత్తుగా నల్లటి చుక్కలు తేలడం, చూపునకు తెర అడ్డం వచ్చినట్టు ఉండటం, భరించలేని కంటి నొప్పి వంటివి కనిపిస్తే వారం కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. లేదంటే మామూలు పరీక్షకు వెళ్లేటప్పుడు మీరు వాడిన మాత్రల అట్ట, చుక్కల మందు సీసా వెంట తీసుకెళ్లి వైద్యుడికి చూపించండి. కనుపాపల మధ్య దూరం అక్కడే కొలిపించుకుని కాగితం మీద రాయించుకోండి.