కథ పట్టుకున్నాక వాక్యం ఎవరు చూస్తారంటావా?

విశాఖపట్నం

చి. బుజ్జికి పెద్దమ్మ దీవెనలు.

నీ నవల మొత్తం చదివాను. సగం దాటాక పక్కన పెట్టబుద్ధి కాలేదు. కథ నడపడం నీకు వచ్చు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, కింద రాసేదంతా చదివి నువ్వు బెంగపెట్టుకోకూడదని. మొన్న ఫోన్‌లో అడిగావు, "ఇంత లావు ఫాంటసీలో కథ పట్టుగా ఉంటే వాక్యాలు ఎలా ఉన్నా నడిచిపోతుంది కదా పెద్దమ్మా?" అని. ఒక్క మాటలో తేలేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

నడిచిపోతుంది, చాలావరకు. రాబర్ట్ జోర్డన్ రాసిన ఫాంటసీ నవలల వరస 'వీల్ ఆఫ్ టైమ్' నువ్వూ చదివావుగా. 1990లో మొదలైంది. 2007లో ఆయన పోతే, మిగిలిన కథని బ్రాండన్ శాండర్సన్ అనే ఇంకో ఫాంటసీ రచయిత మూడు సంపుటాల్లో పూర్తిచేశాడు. 2013లో పద్నాలుగో సంపుటంతో ముగిసింది. అందులో నైనీవ్ అనే అమ్మాయికి కోపం వస్తే చాలు, జడ లాక్కుంటుంది. మిగతా ఆడవాళ్ళు పావడాలు సర్దుకుంటూనే ఉంటారు. చదివేవాళ్ళు ఆ జడ గురించి ఆటపట్టించుకున్నారు, పుస్తకం మాత్రం వదల్లేదు. అదే పాఠకుల్లో చాలామంది 2003లో పదో సంపుటం దగ్గరికొచ్చేసరికి విసిగిపోయారు. జడ లాగడం అప్పుడేం కొత్త కాదు. కథ కదలడం మానేసింది. పరిగెడుతున్నంతసేపూ కంటికి ఆనని లోపాలు, కథ నిలబడగానే ఒక్కొక్కటే పైకొస్తాయి. కథ మీద భరోసాతో వాక్యాన్ని వదిలేసేవాళ్ళు ప్రతి పేజీలోనూ కథని పరిగెత్తించాలి. వేల పేజీల్లో అది ఎవరివల్లా కాదు, కాకూడదు కూడా. మనుషులు కూర్చుని మాట్లాడుకునే పేజీలు లేకపోతే యుద్ధంలో ఎవరు చచ్చినా మనకి పట్టదు.

మీ పెదనాన్నా నేనూ జగదాంబ దగ్గర అద్దె పుస్తకాల షాపు నడిపిన రోజుల్లో సగం చదివి తిరిగిచ్చేసేవాళ్ళని అడిగేదాన్ని, ఎందుకు ఆపేశారని. అందరిదీ ఒకటే జవాబు, "ఏమోనండీ, సాగట్లేదు." వాళ్ళు వెళ్ళాక మడతపెట్టిన పేజీ తీసి చూసేదాన్ని. ఒకే పుస్తకానికి ఇద్దరు ముగ్గురు ఒకే చోట మడత పెట్టి ఉండేవారు. అక్కడ కథ బాగానే ఉండేది. ఒక్క పేరాలో నలుగురు కొత్త మనుషులు పేర్లతో సహా దిగిపోయి ఉండేవారు. లేకపోతే ఏ మాట ఎవరు అంటున్నారో అంతుపట్టని సంభాషణ ఉండేది. ఆపింది వాక్యం, పాఠకుడు మాత్రం కథే బాగాలేదనుకుని వెళ్ళిపోయేవాడు. ఇది బాగా గుర్తుపెట్టుకో బుజ్జీ. "కథ బాగుంది, రాత ఎలా ఉంటేనేం" అనేది ఆఖరి పేజీ దాకా వచ్చినవాళ్ళ మాట. మధ్యలో మానేసినవాళ్ళ మాట ఎవరి చెవినా పడదు.

నీలాంటి కథకి ఇంకో ఇబ్బంది ఉంది. సాంఘిక నవలలో "పూర్ణా మార్కెట్‌లో" అని రాస్తే చాలు, గోలా వాసనా తోపులాటా పాఠకుడే తెచ్చుకుంటాడు. నీ సప్తశిఖర నగరాన్ని ఎవరు చూశారు? నీ వాక్యంలో ఎంత ఉందో ఆ ఊరు అంతే. అమెరికన్ ఫాంటసీ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1973లోనే దీని గురించి ఒక వ్యాసం రాశారు. ఒక ఫాంటసీ నవల్లోంచి సంభాషణ ముక్క తీసుకుని, పేర్లూ ఇంకొన్ని మాటలూ మార్చి చూపించారు. అది వాషింగ్టన్ రాజకీయ నాయకులు మాట్లాడుకుంటున్నట్టు తయారైంది. ఫాంటసీలో శైలే సర్వస్వమని ఆవిడ వాదన. నేను అంతదూరం పోను. కానీ నీ మంత్రివర్గ సమావేశం చదివినప్పుడు నాకు ఆ వ్యాసమే గుర్తొచ్చింది. మహామంత్రి "ఈ సమస్యకు పరిష్కారం దిశగా చర్యలు చేపడతాం" అంటాడు. ఆ మాట రోజూ పేపర్లో చదువుతున్నాం తల్లీ. ముసలివాడు, ముగ్గురు రాజుల దగ్గర కొలువు చేసినవాడు, "కోటలో ధాన్యం పదిరోజులకే ఉంది, ముందు అది చూడండి" అంటే అతనూ బతుకుతాడు, ఆ కోటా బతుకుతుంది.

సాదా రాతని చెడ్డ రాతతో కలపకు. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్, 'తోకచుక్క', 'మకరదేవత', 'పాతాళదుర్గం', ఎంత మామూలు మాటల్లో నడుస్తాయో చూడు. మాంత్రికుడు ఎటునుంచి వచ్చాడో, చేతిలో ఏముందో, ఎవరికి ఎంత దూరంలో నిలబడ్డాడో ఇట్టే తెలుస్తుంది. ఆ వాక్యాలు మెరవవు, ఎక్కడా అడ్డం కూడా రావు. శాండర్సన్‌ది మరీ సాదా రాత అనేవాళ్ళతో కూడా నాకు ఇక్కడే పేచీ.

ఈ తగువు మన దగ్గర చాలా పాతది. పదకొండో శతాబ్దంలో నన్నయ్య గారు భారతం మొదట్లోనే చెప్పారు, కవీంద్రులు తన ప్రసన్నకథాకలితార్థయుక్తిని లోతుగా చూసి మెచ్చుకుంటారని, తక్కినవాళ్ళు అక్షరరమ్యతని ఆదరిస్తారని. మనమేమో పండితులు శైలి చూస్తారు, మామూలువాళ్ళు కథ చూస్తారు అనుకుంటాం. ఆయన లెక్క దానికి తలకిందులు. చెవికి ఇంపు ఎవరికైనా అందుతుంది, కథని తేటగా కూర్చడంలో నేర్పు తెలిసినవాళ్ళకే కనబడుతుంది. అక్షరరమ్యత రాలేదని నువ్వు బాధపడకు. ఆ ప్రసన్నత మాత్రం వదులుకోకు.

ఇక నీ రాతలోకి వస్తాను. మూడో అధ్యాయం మొదట్లో ఇలా ఉంది: "రాజకుమారుడు తన కళ్ళను తెరిచాడు. ఒక నల్లని పొగచేత కోట కప్పబడి ఉండటాన్ని అతను గమనించాడు." కళ్ళు తెరిస్తే అతనివే కదా, 'తన' ఎందుకు? పొగకి 'ఒక' ఏమిటి? 'కప్పబడి ఉండటాన్ని గమనించాడు' అనేసరికి మంట ఆరిపోయింది. "రాజకుమారుడు కళ్ళు తెరిచాడు. కోట మీద నల్లటి పొగ కమ్ముకుని ఉంది." అంతే. ఇంగ్లీషు ఫాంటసీలు ఎక్కువ చదివి తెలుగులో రాసే పిల్లలందరికీ ఈ జబ్బు ఉంది. ఇవి పాఠకుణ్ణి ఆపవు, కానీ అడుగడుక్కీ తగులుతాయి. చివర్లో ఒకరోజు కూర్చుని 'తన', 'ఒక', 'బడి' మాత్రమే వెతికి కొట్టెయ్యి. నవల కొంచెం సన్నబడుతుంది కూడా.

ఆరో అధ్యాయంలో వంతెన యుద్ధం అంతకంటే పెద్ద తప్పు. వంతెన కోటకి ఉత్తరాన ఉందన్నావు, రెండు పేజీల తర్వాత సేన సముద్రం వైపు నుంచి వచ్చి అదే వంతెన ఎక్కుతుంది. సముద్రం దక్షిణాన కదా? ఇలాంటిది భాష తప్పని నువ్వు అనుకోవు, కథ తప్పని పాఠకుడు అనుకోడు, అతనికి తల తిరుగుతుందంతే. కాగితం మీద పటం గీసి గోడకి అంటించుకో. ఆ అధ్యాయం మళ్ళీ రాయి.

తుఫాను సన్నివేశంలో 'భయంకరమైన', 'ప్రళయ భీకరమైన' అని పేర్చుకుంటూ పోయావు. నీకు వాటి అవసరమేముంది? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరిమీదే తీరం దాటింది, అప్పుడు నువ్వు బడికెళ్ళే పిల్లవి. గాలి మధ్యలో చప్పున ఆగిపోతే అయిపోయిందనుకుని తలుపులు తీశాం, కాసేపటికి రెండోవైపు నుంచి అందుకుంది. తర్వాత కొండలవైపు చూస్తే చెట్లకి ఆకుల్లేవు. ఆ ఆగిపోయిన కాసేపూ నీ రేవులో పెట్టు. జనం బయటికి రానీ. నీ కథకి కావలసిన చావులన్నీ అక్కడే ఉన్నాయి.

పని ఎలా మొదలుపెట్టాలంటే, మొదటి పేజీ నుంచి వాక్యాలు దిద్దుకుంటూ రాకు. అలా చేసినవాళ్ళు నలభయ్యో పేజీ దగ్గర అలిసిపోయి, నవల మొదలు నునుపుగా, మిగతాది గరుగ్గా వదిలేస్తారు. ముందు ప్రింటు తీసి, ఫాంటసీ చదివే అలవాటున్నవాళ్ళిద్దరికీ, అస్సలు లేనివాళ్ళొకరికీ ఇవ్వు. ఎలా ఉందని అడగకు, మొహమాటానికి బాగుందంటారు. ఎక్కడ ఆపావు, ఎక్కడ వెనక్కెళ్ళి మళ్ళీ చదివావు అని అడుగు. పెన్సిల్‌తో గీతపెట్టమను. ఆ గీతలున్న చోట్లు ముందు బాగుచెయ్యి. తర్వాత సంభాషణలన్నీ పైకి చదువు, నోటికి తిరగనిది మార్చు. మొదటి అధ్యాయం ఆఖర్న దిద్దు, ఎందుకంటే అప్పటికి నీకు నీ గొంతు దొరికి ఉంటుంది.

సొరంగం అధ్యాయం జోలికి మాత్రం పోకు. వాక్యాలు తెగిపోతున్నాయి, 'చీకటి' అనే మాట మరీ ఎక్కువసార్లు వచ్చింది, రెండుచోట్ల కర్త కూడా లేదు. దిద్దాలని నీ చెయ్యి దురదపెడుతుంది, ఎవరైనా దిద్దమని సలహా కూడా ఇస్తారు. ఆ పిల్ల గోడ తడుముకుంటూ తమ్ముణ్ణి పిలుస్తుంటే ఆ తెగిపోవడమే ఊపిరాడనివ్వలేదు నాకు. అచ్చుతప్పులు రెండున్నాయి, అవి సరిచేసి వదిలెయ్యి.

వంతెన అధ్యాయం అవగానే పంపు, పటంతో సహా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ