పొద్దున్నే కడుపు నొప్పి, బస్సు వెళ్లిపోగానే మాయం

ప్రశ్న: మేడం గారూ నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, మా వారు కువైట్‌లో చేస్తారు, పండక్కి వచ్చి వెళ్లారు. ఇంట్లో నేను, అత్తయ్య గారు, పాప. పాపకి 9 ఏళ్లు, నాలుగో క్లాసు. సంక్రాంతి సెలవులైన దగ్గర్నుంచి పొద్దున్నే కడుపు నొప్పంటది, స్కూల్ బస్సు వెళ్లిపోతే తగ్గిపోద్ది. డాక్టర్ గారు స్కాన్ తీయించి ఏం లేదన్నారు. రాత్రి "అమ్మా నువ్వు చచ్చిపోవు కదా" అని పదిసార్లు అడుగుద్ది, ఫోన్ చేతిలో పెడితేనే ఊరుకుంటది. ఇల్లు కాలవ గట్టు మీదండి, అందుకని ఒక్కదాన్నీ గుమ్మం దాటనివ్వను. అంతా నా గారాబమే అంటున్నారు అత్తయ్య గారు. తప్పు నాదేనా అండి?

జవాబు: తప్పెవరిదన్నది పక్కన పెట్టేయండమ్మా. ముందు ఒకటి చెప్పాలి, ఆ నొప్పి నాటకం కాదు, భయం వేస్తే పిల్లలకి కడుపులో నిజంగానే మెలిపెడుతుంది.

నొప్పి అంది, మీరు స్కూలు మాన్పించారు, తగ్గింది. దాంతో పాపకి అర్థమైందేంటి, స్కూలు నిజంగానే ప్రమాదం, ఇంట్లో ఉండబట్టే గట్టెక్కాను అని. అందుకే మర్నాడు భయం ఇంకాస్త పెరుగుద్ది. రాత్రి పదిసార్లు "ఏం కాదు నాన్నా" అనడమూ అంతే, ఫోన్ ఇవ్వడమూ అంతే, కాసేపు ఊరుకుంటది గానీ భయం దానంతటదే తగ్గుద్దని తనకి తెలిసే వీలే ఉండట్లేదు.

అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ అనే సైకాలజిస్టు పిల్లల్ని పిలవకుండా అమ్మానాన్నలకే నేర్పే పద్ధతి ఒకటి తయారుచేశారు. పిల్లల భయాన్ని కొట్టిపారేయకుండా ఒప్పుకోవాలి, ఆ భయం కోసం మనం చేస్తున్న ఏర్పాట్లు మెల్లగా తగ్గించుకోవాలి, అంతే. 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 124 మందితో చేసి 2020లో అచ్చయిన పరిశోధనలో, పిల్లలకి నేరుగా ఇచ్చే థెరపీకి ఇది తీసిపోలేదని తేలింది. అంటే మీ చేతిలో చాలా ఉందమ్మా.

మీరు ఒక్క ముక్కలో రాసేశారు గానీ నాకు అక్కడే ఆగాలనిపించింది, నాన్న పండక్కి వచ్చి వెళ్లారు. నాన్న వెళ్లాక అమ్మ కూడా పోతుందేమో అని భయపడుతోందేమో, ఆ మాట పాపతో మీరే ఎత్తండి, "నాన్న లేకపోతే నాక్కూడా బెంగే" అనండి. అలాగే టీచర్‌ని కలిసి క్లాసులో, బస్సులో ఎవరైనా ఏడిపిస్తున్నారా, బాత్రూమ్‌కి వెళ్లడానికి ఇబ్బంది పడుతోందా కనుక్కోండి, అలాంటిదేమైనా ఉంటే ముందు అది సరిచేశాకే మిగతావి.

ఫోన్ ఒకేసారి లాక్కోవద్దు. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక, అక్కడ రాత్రి 7 అంటే ఇక్కడ 9.30, సరిగ్గా నిద్ర టైంకి వీడియో కాల్ వస్తుంటే ఇంక ఫోన్ పక్కనెలా పెడతారు? కుదిరితే ఆయన్ని అక్కడ సాయంత్రం 4 గంటలకి చేయమనండి, ఇక్కడ ఆరున్నర, అన్నం తినే ముందే అయిపోద్ది. ఈ వయసుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, పడుకునే ముందు ఫోన్ అత్తయ్య గారి గదిలో పెట్టేయండి. చచ్చిపోవు కదా అని అడిగితే దగ్గరకి తీసుకుని "నీకు భయంగా ఉందని తెలుసు, నువ్వు ఓర్చుకోగలవు" అని ఒక్కసారే చెప్పండి, రేపట్నుంచి ఒక్కసారే చెప్తానని పగలే పాపకి చెప్పి ఉంచండి. మొదట్లో ఏడుపు ఎక్కువవుద్ది, అప్పుడే కరిగిపోకండి.

కాలవ భయం ఉత్తది కాదు, నేను కాదనను. కానీ వంతెన దాటక్కర్లేని కొట్టు ఉంటే పంచదారకి పంపండి, మొదటి వారం వీధిలో కనపడేలా నిలబడండి, తర్వాత గుమ్మంలోనే. ఈత బాగా వచ్చిన పెద్దవాళ్లెవరైనా పక్కనుండి నేర్పిస్తే ఇంకా మంచిది.

కొన్ని వారాలైనా మార్పు లేకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చేయండి, ఉచితం, ఏ టైంలో అయినా తెలుగులో మాట్లాడొచ్చు. సోమవారం పాపని బస్సు ఎక్కించాక గేటు దగ్గరే నిలబడిపోకండి, చెయ్యి ఊపి లోపలికి వచ్చేయండి.