3200 ర్యామ్ 2667 దగ్గరే ఎందుకు ఆగింది?

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ కోర్ ఐ5-10300హెచ్ ప్రాసెసర్, కొన్నప్పుడే వచ్చిన 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఉన్నాయి. ఈ మధ్య ద్వారకానగర్‌లోని ఒక షాపులో 3200 వేగం గల మరో 8 జీబీ ర్యామ్ కొని రెండవ స్లాట్‌లో వేయించాను. అయినా టాస్క్ మేనేజర్ 2667 అనీ, కంప్యూటర్ భాగాల వివరాలు చూపే సీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్ సుమారు 1333 అనీ చూపుతున్నాయి. బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్‌లో) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను మామూలు ప్రమాణాన్ని మించిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేసుకోమని షాపులో చెప్పారు గాని, ఎంత వెదికినా అది కనబడలేదు. పాత ర్యామ్ తీసేస్తే పూర్తి వేగం వస్తుందా?
— ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ కొత్త ర్యామ్‌లో లోపమేమీ లేదు. పాతదాన్ని మాత్రం దయచేసి తీయకండి.

ముందుగా 1333 సంగతి. డీడీఆర్ ర్యామ్ గడియారపు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు సమాచారాన్ని పంపుతుంది కాబట్టి సీపీయూ-జడ్ చూపే 1333, టాస్క్ మేనేజర్ చూపే 2667 ఒకే వేగానికి రెండు లెక్కలు. సగం వేగం ఎక్కడా పోలేదు.

ఇక 2667కు కారణం పాత ర్యామే అయి ఉంటుంది. దాని మీద అంటించిన లేబుల్‌ను చూస్తే ‘1ఆర్‌ఎక్స్8 పీసీ4-2666వి’ వంటి వరుస, కొత్తదాని మీద ‘పీసీ4-3200ఏఏ’ వంటి వరుస కనబడాలి. ప్రతి ర్యామ్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. తాను ఏయే వేగాలలో నడవగలదో ఆ పట్టిక అందులో రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆన్ కాగానే బయోస్ రెండు పట్టికలనూ చదివి, రెండూ తట్టుకోగల వేగాన్నే ఎంచుకుంటుంది, ఎందుకంటే రెండు స్లాట్‌లనూ నడిపే మెమరీ కంట్రోలర్ ఒక్కటే.

పాతదాన్ని తీసినా మీకు 3200 రాదు. 10300హెచ్ ప్రాసెసర్‌కు ఇంటెల్ నిర్ణయించిన గరిష్ఠ వేగం 2933 మాత్రమే. అదే ర్యామ్‌ను కోర్ ఐ5-11400హెచ్ గాని, రైజెన్ 5 5600హెచ్ గాని ఉన్న ల్యాప్‌టాప్‌లో వేస్తే 3200తో నడుస్తుంది.

అసలు విషయం ఇక్కడుంది. డీడీఆర్4 ర్యామ్ ఒక్కో విడతలో 8 బైట్లు పంపుతుంది. ఒక్క ర్యామ్ 2933 వేగంతో నడిస్తే సెకనుకు సుమారు 23.5 జీబీ వస్తుంది. రెండు ర్యామ్‌లు 2667తోనే కలిసి నడిస్తే సుమారు 42.7 జీబీ. అంకె పెరగాలని ఒకదాన్ని తీసేస్తే, దారి కాస్త నునుపు చేసుకోవడానికి రెండు దారులలో ఒకదాన్ని మూసుకున్నట్టే. పైగా 8 జీబీ స్థలమూ పోతుంది. పాతదాని బదులు మరో 3200 ర్యామ్ కొంటే రెండూ 2933తో నడిచి 46.9 జీబీ వరకు అందుతుంది. అంటే పది శాతం లాభం. విడిగా గ్రాఫిక్స్ చిప్ లేకుండా, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆటలు ఆడేవారికి ఆ లాభం కొంత తెలుస్తుంది. కోడింగ్‌కు, ప్రాజెక్టు పనికి దాని కోసం విద్యార్థి డబ్బు ఖర్చు పెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు.

ఎక్స్‌ఎంపీ గురించి షాపులో చెప్పిన మాట డెస్క్‌టాప్‌లకు ఎక్కువగా వర్తిస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో ఆ ఎంపికే ఉండదు. అయినా డీడీఆర్4లో 3200 అన్నది మెమరీ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణంలోనే ఉన్న వేగం గనుక, 1.2 వోల్టుల మామూలు ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ అవసరమే లేదు. కొన్ని ‘గేమింగ్’ రకాల ర్యామ్‌లు మాత్రం పెట్టె మీద అచ్చేసిన వేగాన్ని ఎక్స్‌ఎంపీ పట్టికలోనే దాచి ఉంచుతాయి. అవి ఇలాంటి ల్యాప్‌టాప్‌లో వేస్తే తక్కువ ప్రమాణ వేగానికి దిగిపోతాయి. కొనేటప్పుడే ఆ అంకె జెడెక్ వేగమా, ఎక్స్‌ఎంపీ వేగమా అని అడగడం మంచిది.

రెండు ర్యామ్‌లూ కలిసి నడుస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక్క పరీక్ష మాత్రం తప్పక చేయండి. సీపీయూ-జడ్‌లో మెమరీ ట్యాబ్ తెరిచి, ఛానల్ అన్నచోట ‘డ్యుయల్’ అని గాని, ‘2 × 64-బిట్’ అని గాని ఉందేమో చూడండి. లేకపోతే ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసి, బ్యాటరీ వైరు విడదీసిన తర్వాతే కొత్త ర్యామ్‌ను బయటికి తీసి, స్లాట్‌లో ఏటవాలుగా లోపలి దాకా దూర్చి, రెండు పక్కల క్లిప్పులూ టక్కుమనేవరకు కిందికి నొక్కండి.