రోబోట్స్ ఫైలు గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సైటు బిల్డ్ అయ్యేటప్పుడే, అంటే పేజీలన్నీ తయారయ్యేటప్పుడే, వెబ్‌లో పేజీలు చదువుతూ తిరిగే క్రాలర్ ప్రోగ్రాములకి ఎక్కడికి రావచ్చో ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలు దానంతట అదే తయారయ్యేలా చేస్తున్నానని నిన్న ఫోన్‌లో చెప్పావు. మంచి పని. చేత్తో రాసి పెట్టిన ఫైలుని మళ్లీ తెరిచి చూసేవాళ్లుండరు. అయితే ఒక మాట వివరంగా చెప్పాలనిపించింది.

నేను పనిచేసిన ఒక చోట టెస్టింగ్ సైటు కోసం ‘డిస్‌అలౌ’ అని రాసి పక్కన ఒక స్లాష్ పెట్టుకున్నాం. క్రాలర్లెవరూ సైటులోకి రావద్దని దాని అర్థం. ఒక రిలీజులో ఆ ఫైలే అసలు సైటుకి వెళ్లిపోయింది. ఎర్రర్ ఏమీ రాలేదు, పేజీలన్నీ చక్కగా తెరుచుకున్నాయి. సెర్చ్ నుంచి వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారని మాకు తెలిసేసరికి మూడు వారాలు దాటింది. ఆ టెన్షన్ నువ్వు పడకూడదు.

అందుకే ఆ లైను నీ ప్రాజెక్టులో అసలు ఉంచకు. టెస్టింగ్ సైటుకి పాస్‌వర్డ్ పెట్టు. మార్టైన్ కోస్టర్ 1994లో ప్రతిపాదించిన నాటి నుంచి ఈ ఫైలు మర్యాద మీదే నడుస్తోంది. ఇది ప్రవేశాన్ని అడ్డుకునే ఏర్పాటు కాదని 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం కూడా చెప్తోంది. పైగా ఎవరైనా తెరిచి చదవొచ్చు. రహస్య ఫోల్డర్ల పేర్లు అందులో రాస్తే దారి మనమే చూపించినట్టు.

సైటు తయారుచేయడానికి నువ్వు వాడే ప్రోగ్రాము హ్యూగో కదా. అందులో రోబోట్స్ ఫైలు సెట్టింగ్ ఆన్ చేస్తే వచ్చే ఫైలు అందరినీ రానిస్తుంది. నీ నియమాలు కావాలంటే లేఅవుట్స్ ఫోల్డర్‌లో అదే పేరుతో టెంప్లేట్, అంటే నమూనా ఫైలు, పెట్టుకోవాలి. ఊరికే బిల్డ్ కమాండ్ ఇస్తే హ్యూగో దాన్ని ప్రొడక్షన్, అంటే అసలు సైటు, అనే అనుకుంటుంది, అది గుర్తుంచుకో. సైటులోని పేజీల జాబితా ఎక్కడుందో చెప్పే సైట్‌మ్యాప్ లైనులో పూర్తి అడ్రస్ ఉండాలి. అది బేస్ యూఆర్‌ఎల్, అంటే సెట్టింగ్స్‌లో రాసే సైటు అడ్రస్, నుంచి వస్తుంది కాబట్టి టెస్టింగ్ అడ్రస్ అందులోకి దూరిపోయే ప్రమాదం ఉంది.

చాలామంది దెబ్బతినేది ఇంకో చోట. ఓపెన్‌ఏఐ వాళ్ల క్రాలర్ జీపీటీబాట్ పేరుతో విడిగా ఒక నియమాల గ్రూపు రాశావనుకో, ఆ బాట్ ఇక అందరి కోసం నక్షత్రం గుర్తు కింద రాసిన నియమాల జోలికి పోదు, తన గ్రూపు మాత్రమే చదువుకుంటుంది. అందరికీ వర్తించాల్సిన లైన్లని నీ టెంప్లేట్ ప్రతి గ్రూపులోనూ మళ్లీ రాయాలి.

బిల్డ్ చివర చిన్న స్క్రిప్ట్ ఒకటి పెట్టు. ఫైలు లేకపోయినా, డిస్‌అలౌ పక్కన ఒంటరి స్లాష్ కనిపించినా, సైట్‌మ్యాప్ అడ్రస్ తేడాగా ఉన్నా బిల్డ్ అక్కడే ఆగిపోవాలి. రిలీజ్ అయ్యాక అసలు సైటులో ఫైలు తెరిచి నీ కళ్లతో చూడు. ఆ ఫైలు లేదని సర్వర్ 404 ఇస్తే క్రాలర్లు అన్నీ తిరగొచ్చనుకుంటాయి, సర్వర్‌లోనే లోపమని 500 ఇస్తే ఏదీ ముట్టుకోకూడదనుకుంటాయి. గూగుల్ పాత కాపీని మామూలుగా 24 గంటల వరకు దగ్గర పెట్టుకుంటుంది, అందుకని సరిచేసిన వెంటనే మార్పు కనిపించకపోతే కంగారుపడకు.

టెంప్లేట్ రాశాక నాకు పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను.

పెదనాన్న